ఒంటికి చుట్టుకున్న రాగి

"మారకముందు నువ్వు చేసిన అంత ఘోరం ఏంటి బావా? ఒక్కటంటే ఒక్కటి చెప్పు."

బావమరిది ఈ మాట అడిగింది భోజనాల దగ్గర, అందరూ వింటుండగా, నోట్లో ముద్ద నమలడం ఆపకుండానే. వాడు బస్సు కండక్టరు. చిల్లర ఇవ్వకుండా మనుషుల్ని దించెయ్యడంలో ఎంత నేర్పరో, మాటతో దించెయ్యడంలోనూ అంతే. బావ ఆ ఏడే బాప్తిస్మం తీసుకున్నాడు. కొత్త చొక్కా తొడుక్కున్నవాడు మాటిమాటికీ కాలరు సర్దుకున్నట్టు, పాతవాడు చచ్చిపోయాడు, నేనిప్పుడు వేరే మనిషిని అని సందర్భం ఉన్నా లేకపోయినా చెబుతున్నాడు. ఆ చచ్చిపోయినవాడు బావమరిదికి బాగా తెలుసు. జీతం వచ్చినరోజు రెండు గ్లాసులు పుచ్చుకుని, గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పెళ్ళానికి మెలకువ రాకుండా గోడవైపు తిరిగి పడుకునే మనిషి. ఒకరి జోలికి పోయినవాడు కాదు, ఒకరు జోలికొచ్చేంతవాడూ కాదు. చెప్పుకోవడానికి ఒక మంచి లేనట్టే ఒక చెడూ లేదు.

ఆయన మంచినీళ్లు తాగాడు. భార్య నవ్వింది. ఆ నవ్వు తమ్ముడి వాలకం చూసి వచ్చిందే గాని మొగుడి మీద కాదు. కాని నవ్వు నవ్వే గదా, తగలాల్సినచోట తగిలింది.

ఒక్క ప్రశ్న మనిషిని పాడుచేసిందనడం మరీ సులువైన లెక్క. కాని తర్వాత జరిగిందంతా ఆయన ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడంలోనే జరిగింది.

ఆయన పని కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టడం. నీళ్లు తోడేవి, పిండి మరలు తిప్పేవి, గదుల్లో గాలి తిప్పేవి, ఏ మోటారైనా మాడిపోయి ఆ వాసనతోనే షాపుకొస్తుంది. మాడిన తీగ కోసి పీకెయ్యాలి. తీగ కూర్చునే గాడులు గీకి శుభ్రం చెయ్యాలి. గాడుల్లో మందపాటి కాగితం పరిచి, కొత్త రాగి తీగ లెక్కప్రకారం చుట్టి, ఆ చుట్టలు ఒక్కొక్కటే లోపలికి దించి, వార్నిషు పోసి, ఎండబెట్టాలి. ఇందులో ప్రాణమంతా లెక్కలోనే ఉంది. చుట్లు నాలుగు తగ్గినా మోటారు వేడెక్కుతుంది. నడుమ ఎవరైనా పలకరించి లెక్క తప్పిందంటే ఊహించి ముందుకు పోకూడదు. చుట్టిందంతా విప్పి మొదటినుంచీ రావాలి. అందుకే ఈ పనివాళ్ళు ముభావంగా ఉంటారు. పిలిస్తే వేలెత్తి ఆగమంటారు, పెదవులు మాత్రం కదులుతుంటాయి.

చిన్నప్పుడు పెదనాన్న ఇంట్లో పెరిగాడు. ఆ ఇంట్లో ఆయన పేరు 'వాడు'. వాడు తిన్నాడా, వాడికి చెప్పారా, వాణ్ణి పక్కకి జరగమను. కొట్టలేదు, మాడ్చలేదు, ఆ ఇల్లు చెడ్డది కాదు. ఒకసారి ఇంటిల్లిపాదీ ఫోటో తీయించుకుంటుంటే, వెలుగు సరిగా పడటానికి అద్దం పట్టుకుని నిలబడమన్నారట ఆయన్ని. ఫోటోలో అందరి ముఖాల మీదా వెలుగుంది, ఆయన లేడు. షాపులో చేరాక ఓనరుకి 'ఒరేయ్' అయ్యాడు. పెళ్ళయ్యాక భార్యకి 'ఏమయ్యా' అయ్యాడు. ఇవన్నీ పిలుపులేగాని, నువ్వెవరివి అంటే చెప్పుకునే మాట ఒక్కటీ కాదు.

సంఘంలోకి ఆయన భక్తితో వెళ్ళలేదు, పానా పట్టుకుని వెళ్ళాడు. టైర్ల షాపు పైనున్న అద్దె హాల్లో ఆరాధన మధ్య ఫ్యాను కాలిపోయిందని కబురొస్తే బాగుచెయ్యడానికి ఎక్కాడు. కింద రబ్బరు వాసన, పైన పాటలు. పని అయ్యాక పాస్టరుగారు మైకులో, మన ఫ్యాను బాగుచేసిన బ్రదర్ కోసం చప్పట్లు కొట్టండి అన్నారు. హాలంతా తలతిప్పి చూసింది. నిచ్చెన మీద నిలబడ్డ మనిషికి దిగడం మర్చిపోయినంత పనైంది. తర్వాతి ఆదివారం ఫ్యానుకేమీ కాలేదు, అయినా వెళ్ళాడు.

ఇంతవరకూ వెక్కిరించడానికి వీలున్న విషయమే. కాని ఆ తర్వాత ఒకటి జరిగింది, దాన్ని వెక్కిరించలేం. ఒక సాయంత్రం షాపులో పెద్ద మోటారుకి చుడుతూ లెక్క తప్పాడు. అలా తప్పినప్పుడల్లా తన్ను తాను బూతులు తిట్టుకోవడం ఆయనకు పెదనాన్న ఇంటినుంచీ అలవాటు. ఆరోజు తిట్టు నోటిదాకా వచ్చి ఆగింది. లోపల ఎవరో, కోపం లేకుండా, నవ్వు కూడా లేకుండా, మళ్ళీ లెక్కపెట్టు అన్నట్టనిపించింది. అంతే. చుట్టిందంతా విప్పి మొదటినుంచీ మొదలుపెట్టాడు. చేతులు తేలికయ్యాయి, కళ్ళల్లో నీళ్లు తిరిగాయి. తప్పిపోయినవాణ్ణి తిట్టకుండా మళ్ళీ మొదలుపెట్టనిచ్చేవాడు ఒకడున్నాడని ఆయనకు ఆ బల్ల ముందు తెలిసింది. నెల తిరక్కుండా సిమెంటు తొట్టిలో మునిగి లేచాడు. పాస్టరుగారు తడితలమీద చెయ్యిపెట్టి, నువ్వు దేవుని కుమారుడివి అన్నారు. ఎవరివి అంటే చెప్పుకోవడానికి మాట దొరికింది.

ఆ సంఘంలో ఒక పద్ధతుంది. మారినవాళ్ళు మైకు ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలి. మునుపు ఎలా ఉండేవాణ్ణి, దేవుడు ఎలా పట్టుకున్నాడు, ఇప్పుడెలా ఉన్నాను. ఆయన తొలిసాక్ష్యంలో ఉన్నదున్నట్టు చెప్పాడు. లెక్క తప్పడం, తిట్టు ఆగిపోవడం, మళ్ళీ లెక్కపెట్టు అనే మాట. జనం మర్యాదకి స్తోత్రం అన్నారు. వెనకాల ఎవరో ఆవలించారు. ఆయన తర్వాత లేచినవాడు జైల్లో ఉండొచ్చిన మనిషి. కత్తి, నెత్తురు, ఇనప తలుపు, ఆ తలుపు మీద పడ్డ వెలుగు. హాలు ఊగిపోయింది. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. సభ అయ్యాక జైలాయన చుట్టూ జనం మూగితే, ఈయన కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి గోడకి చేరవేశాడు. మళ్ళీ అద్దం పట్టుకున్నవాడి పనే.

బావమరిది ఆ ప్రశ్న అడిగింది ఆ వారంలోనే.

రెండోసారి మైకు దొరికినప్పుడు, నెలకోసారి తాగుడు వారానికోసారి అయింది. హాలు కాస్త కదిలింది. మూడోసారికి రోజూ అయింది. ఆపైన రోడ్డు పక్క పడిపోవడం, పోలీసులు లేపడం. తర్వాత భార్య వంతు వచ్చింది. ఆమె ఆడవాళ్ళవైపు మూడో వరసలో కూర్చుని, తన మొగుడు తనని కర్రతో చావబాదిన సంగతి మొదటిసారిగా విన్నది. పక్కావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఒత్తింది. ముంజేతి మీద ఇస్త్రీపెట్టె తగిలిన పాత మచ్చ కనబడితే, అమ్మా ఇదా అని వేలుపెట్టి తడిమింది. అది ఇస్త్రీపెట్టెదండీ అని ఆమె చెబితే, చెప్పుకోలేక అలా అంటోంది పాపం అని పక్కవరస వాళ్ళు గుసగుసలాడారు. ఆవేళనుంచి ఆమె ఆ సంఘంలో దెబ్బలు తిన్న ఇల్లాలు. ఎవరి గుమ్మంలో అడుగుపెట్టినా ముందు పీట వేసి, తర్వాత జాలి చూపించేవాళ్ళు.

ఇంటికెళ్ళాక ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మిషను ముందు కూర్చుని, తొక్కకుండా అడిగింది.

"ఏ కర్రయ్యా అది? ఇంట్లో నాకెక్కడా కనబడదే."

ఆయన తడుముకోలేదు. ఇదంతా దేవుడి మహిమ కోసమన్నాడు. దేవుడికి నీ అబద్ధం ఏం తక్కువైందని ఆమె అడిగింది. దానికి ఆయన ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్న జవాబిచ్చాడు. అబద్ధం కాదట. ఆ చెడంతా తనలో ఉండేదట, బయటికి రాలేదంతేనట. మనసులో చేసినా చేసినట్టేనని వాక్యం చెబుతోంది గదా అన్నాడు. చదువుకున్న మతపండితుడు కూడా అంత తొందరగా అంత మంచి జవాబు చెప్పలేడు. ఆమె మాత్రం తొక్కడం మొదలుపెట్టి, సూది చప్పుడు మీంచి, మరి మనసులో నన్ను ముద్దుగా చూసుకున్నప్పుడు అదెందుకు మైకులో చెప్పవు అంది.

సంఘంలో ఆయనకి 'సాక్ష్యం బ్రదర్' అనే పేరొచ్చింది. ఇదివరకటి ఓనరు దగ్గర మానేసి చిన్న షట్టరు అద్దెకి తీసుకుని సొంతంగా పని పెట్టుకున్నాడు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని మెట్లెక్కుతుంటే, ఇవాళ సాక్ష్యం ఉందా బ్రదర్ అని అడిగేవాళ్ళు. కాలిపోయిన మోటారునైన నన్ను ప్రభువు మళ్ళీ చుట్టాడు అన్న మాట ఆయన అన్నదే. పాస్టరుగారు దాన్ని మూడుచోట్ల వాడుకున్నారు.

ఇక నిచ్చెన సంగతి చెప్పాలి. పాత షాపులో ఈయన పక్కబల్ల మీద పనిచేసిన మనిషి. పొడుగ్గా, పక్కటెముకలు లెక్కపెట్టుకునేలా ఉండేవాడు గనక ఆ పేరు. ఇవన్నీ జరగడానికి చాలా ఏళ్ళ ముందు, ఒక సాయంత్రం చేతులు కడుక్కునే గదిలోకి ఈయన వెళ్ళేసరికి, నిచ్చెన చొక్కా పైకెత్తుకుని అద్దం ముందున్నాడు. నడుం చుట్టూ కొత్త రాగి తీగ, పొర మీద పొర, ఒక్క వంకర లేకుండా. దొంగతనం కన్నా ముందు ఈయన కంటికి ఆనింది ఆ పనితనమే. నిచ్చెన అద్దంలోంచి చూసి, ఎన్ని చుట్లో చెప్పుకో చూద్దాం అన్నాడు. ఈయన నవ్వి బయటికొచ్చేశాడు. మూడు తీగచుట్టలు మాయమయ్యాయని ఓనరు అందర్నీ నిలబెట్టి అడిగినప్పుడు, నాకేం తెలియదన్నాడు. రుజువు లేకపోయినా ఓనరు నిచ్చెననే తీసేశాడు, పైగా ఆ వీధిలో షాపు షాపుకీ వెళ్ళి దొంగ అని చెప్పి వచ్చాడు. నిచ్చెన చేతిపని అక్కడితో సరి. గోదాముల్లో మూటలు మోసి, ఊపిరితిత్తులు చెడి, కొన్నేళ్ళకి పోయాడు. ఈ కథంతా ఈయన అప్పట్లో భార్యకొక్కదానికే చెప్పాడు. తాను నోరు విప్పకపోవడం ఒక తప్పనీ, సాక్ష్యంలో చెప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే అదేననీ ఆయనకి ఏనాడూ తోచలేదు.

మూడురోజుల ప్రత్యేక కూటాలు పెట్టారు. వేరే ఊరినుంచి పేరున్న బోధకుడొచ్చాడు. మొదటిరోజు సాక్ష్యం జైలాయనది. రెండోరోజు ఈయనది. తాగుడూ కర్రా అందరికీ కంఠతా వచ్చేశాయి. మైకు పట్టుకుని నిలబడ్డాక, ముందుగా అనుకోనిది నోట్లోంచి వచ్చింది. నేను దొంగని అన్నాడు. పనిచేసినచోట రాగి దొంగిలించానని, ఒంటికి చుట్టుకుని చొక్కా దించుకుని ఓనరు ముందునుంచే నడిచి వెళ్ళానని చెప్పాడు. చన్నీళ్ళలా తగిలిన తీగ నడిచేకొద్దీ ఒంటివేడికి వెచ్చబడిందన్నాడు. ఇంటికెళ్ళి విప్పుకుంటే నడుం చుట్టూ గీతలు పడి ఉన్నాయన్నాడు. నా బదులు ఒక నిర్దోషిని తోలేశారు, నేను నోరు మూసుకున్నాను అన్నాడు. ఆ కడపటి మాట దగ్గర నిజంగానే ఏడ్చాడు. హాలు లేచి నిలబడింది. బోధకుడు వచ్చి కౌగిలించుకున్నాడు. ఆడవాళ్ళవైపు మూడో వరసలో ఒక్కామె మాత్రం కూర్చునే ఉంది.

మైకులో చెప్పింది హాలు దాటదనుకున్నాడు. ఫోన్లున్నాయని మర్చిపోయాడు. వారం తిరిగేసరికి ఆ వీడియో చేతులు మారి పాత ఓనరు చేతిలో పడింది. ఆయన షట్టరు ముందు బండి ఆపి, దిగకుండానే పలకరించాడు.

"ఏరా, నీకు రక్షణ దొరికిందట గదా. నా రాగి ఎప్పుడు దొరుకుద్దిరా?"

తర్వాత నిచ్చెన ప్రస్తావన కూడా ఓనరే తెచ్చాడు. అయితే తీసింది వాడు కాదన్నమాట, పోనీలే, ఇంకేదో తీసే ఉంటాడు అన్నాడు.

ఈయన షట్టరు దించేశాడు. పాస్టరుగారి దగ్గరికి పరుగెత్తాడు. ఆయన ఫోన్లో ఆ వీడియోనే ఎంతమంది చూశారో చూసుకుంటున్నారు. చూపు ఎత్తకుండానే, బ్రదర్, అందులో ఎక్కడైనా మాట ఎక్కువైందా, ఐతే ఇప్పుడే చెప్పండి, తీసేయిద్దాం అన్నారు. తలుపు తెరిచే ఉంది. దాటితే మెట్లు దిగి కింద టైర్ల షాపు ముందు పడతాడు, మళ్ళీ ఆ 'వాడు' అవుతాడు. అంతా నిజమేనయ్యగారూ అన్నాడు. పాస్టరుగారి ముఖం విప్పారింది. అలాగైతే దేవుడి పిల్లలు లోకానికి బాకీ ఉండకూడదని, వాక్యప్రకారం నాలుగంతలు తిరిగిచ్చి చూపించాలని తేల్చారు. సంఘం పరువుకీ ఇది మంచిదన్నారు. పాత ఓనరు ఒకంత కోసం వచ్చినవాడు. నాలుగంతలని వినగానే బండి దిగి, మీ పుస్తకంలో మంచి మాటే రాశారండీ అని పాస్టరుగారికి దణ్ణం పెట్టి, ఈనాటి రాగి ధరకి లెక్క కట్టించుకున్నాడు.

మొదటి విడత కోసం భార్య కుట్టుమిషను పోయింది. మోసుకెళ్ళేవాళ్ళు గుమ్మం దాటిస్తుంటే ఆమె అడ్డు రాలేదు, సూదిపెట్టె మాత్రం తీసి దగ్గర పెట్టుకుంది. ఆ మాట వెనక్కి తీసుకోవయ్యా, నలుగురూ రెండురోజులు నవ్వి మర్చిపోతారు అంది. ఆయన, నీకర్థం కాదు అన్నాడు.

వీడియో సంగతి చెవినపడి ఆ ఆదివారమే నిచ్చెన భార్య సంఘానికి వచ్చింది. ఇస్త్రీ బండి పెట్టుకుని బతుకుతున్న మనిషి. చేతులకి బొగ్గు మరక. ఏ దేవుడి జోలికీ పోయినట్టు లేదు, చెప్పులు ఎక్కడ విప్పాలో కూడా పక్కవాళ్ళని చూసి తెలుసుకుంది. ఆరాధన అయ్యేదాకా గోడ వారగా నిలబడి, జనం కదలబోతుంటే ముందుకొచ్చింది.

"ఇంకొక్కసారి చెప్పయ్యా. ఆ తీగ ఎవరు తీశారు?"

"నేనేనమ్మా."

ఎన్నాళ్ళుగానో పోయిందనుకున్న పరువు తిరిగొస్తే మనిషి సంతోషిస్తుందని అందరూ ఎదురుచూశారు. క్షమిస్తుందనుకున్నవాళ్ళు ముందుగానే కళ్ళు తుడుచుకున్నారు. ఆమె ఏడవలేదు. కుర్చీ వెతుక్కుని కూర్చుని, ఎవరితోనూ కాకుండా నేలకేసి చెప్పుకుపోయింది. మొగుడు తాను తియ్యలేదనేవాడట. ఆమె తలమీద చెయ్యిపెట్టి ఒట్టేశాడట. దొంగాడి ఒట్టు కూడా దొంగదేనని ఆ చెయ్యి తోసేసిందట. కంచం పెడుతూ దొంగ అనేదట, నిద్ర లేపుతూ దొంగ అనేదట. కడపటి ఏళ్ళు ఆయన్ని గది బయట మెట్ల మీద పడుకోబెట్టిందట. ఆసుపత్రినుంచి వార్డుబాయి వచ్చి, మిమ్మల్నే అడుగుతున్నాడమ్మా రమ్మంటే, ఈ బట్టలయ్యాక వస్తానందట. అవి ఎవరో పెళ్ళివాళ్ళ బట్టలు, చాలా ఉన్నాయి. అన్నీ అయ్యాకే వెళ్ళింది. మంచం మీద దుప్పటి అప్పటికే మార్చేశారు.

"నేను దొంగతో కాపరం చేశాననుకున్నానయ్యా," అంది.

ఆ హాల్లో సాక్ష్యం బ్రదర్‌కీ ఆయన భార్యకీ మాత్రమే తెలుసు, ఈవిడ ఇన్నేళ్ళూ అన్నది అబద్ధం కాదని. ఒక్క మాట చాలు. అమ్మా, తీసింది మీ ఆయనే, నేను కళ్ళారా చూశాను, నేను అబద్ధాలకోరుని. ఆ మాటతో ఆమె ఇంటికి వెళ్ళి అన్నం తినగలదు. చచ్చినవాడికి దొంగ పేరు కొత్తది కాదు. మిగిలేది ఈయన పరువొక్కటే. ఆయన ఆ లెక్కంతా వేసుకున్నాడు, తప్పులేకుండా వేసుకున్నాడు. పాస్టరుగారు ప్రార్థనకి పిలిస్తే తల వంచుకున్నాడు.

నోరు విప్పింది భార్య. మొగుడికి చెప్పకుండా ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళింది. ఇంటికి తిరిగొచ్చి, చెంగు దించకుండా, గుమ్మంలోనే నిలబడి జరిగింది చెప్పింది. ఉన్నదంతా విడమరిచి చెప్పిందట. తీగ, అద్దం, ఎన్ని చుట్లో చెప్పుకో అన్న మాటతో సహా. నిచ్చెన భార్య చేతిలో పని ఆపి విన్నదట. విని, మంచినీళ్లిచ్చి, ముంజేతి మీది మచ్చ మెల్లగా నిమిరిందట. చెల్లీ, నీ బతుకు అందరికీ తెలుసు, డబ్బు కట్టలేక ఆయన కొట్టి పంపితే వచ్చుంటావు, పో తల్లీ, నేనేమీ అనుకోను అందట.

ఆయన మంచం అంచున కూర్చుని విన్నాడు. లోపల ఎక్కడో ఊపిరి సులువైంది. తన అబద్ధాన్ని ఇక ఎవరూ విప్పలేరన్న నిబ్బరం అది. సిగ్గు ఆ వెనకాల వచ్చింది, కాని వెనకాలే వచ్చింది.

"నన్ను కొట్టానని చెప్పుకున్నావే," అంది భార్య. "ఇవాళ తగిలిందయ్యా ఆ దెబ్బ."

కొన్నాళ్ళకి నిచ్చెన భార్యే షట్టరు దగ్గరికొచ్చింది. మధ్యాహ్నం, వీధిలో మనుషుల్లేరు. ఆయన ఒక నీళ్ళ మోటారుకి చుడుతున్నాడు, పెదవులు కదులుతున్నాయి. ఆమె ఆగమన్న వేలు చూసి ఆగింది. కాసేపటికి ఆగలేకపోయింది.

"మీ ఆవిడ వచ్చి చెప్పింది, నేను నమ్మలేదు. కాని నిద్ర పట్టట్లేదయ్యా. ఇక్కడ మైకు లేదు, మనిద్దరమే. ఆయన తీశాడని నువ్వొక్క మాటంటే చాలు. నీమీద ఎవరికీ చెప్పను."

లెక్క తప్పింది. చేతిలో తీగ ఆగిపోయింది. అప్పుడు ఆ మాట మళ్ళీ వచ్చింది. ఇన్నేళ్ళ మైకుల తర్వాత, అరుపుల తర్వాత, అదే గొంతు, కోపం లేదు, నవ్వు లేదు. మళ్ళీ లెక్కపెట్టు. ఆయన్ని విశ్వాసిని చేసింది ఆ మాటే. పోల్చుకున్నాడు కూడా. విప్పితే మొదటినుంచీ విప్పాలి. రాగి విప్పాలి, కర్ర విప్పాలి, రోడ్డు పక్క పడిపోవడం విప్పాలి, అన్నీ విప్పగా మిగిలేది ఫ్యాను బాగుచెయ్యడానికొచ్చిన ఒక మనిషి. సాక్ష్యం లేని సాక్ష్యం బ్రదర్.

"నేనే తీశానమ్మా," అన్నాడు. "మా ఆవిడ మాట పట్టించుకోకు. దానికి నామీద ఎప్పట్నుంచో కోపం."

ఆమె సరేనన్నట్టు తలూపింది. బొగ్గు అరువడగడానికి వచ్చి లేదనిపించుకున్నదానిలా వెళ్ళిపోయింది. ఆయన చుట్టింది విప్పలేదు. లెక్క ఎంతవరకొచ్చిందో ఊహించుకుని అక్కడినుంచే ముందుకు పోయాడు. ఆ మోటారు వారంలో కాలి తిరిగొచ్చింది.

ఆమె మాత్రం ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టింది. వేరే ఎక్కడికి పోతుంది, ఆమె చేసిన పని విని ముఖం తిప్పుకోని చోటు అదొక్కటే. సిమెంటు తొట్టిలో మునిగి లేచింది. ఒకరోజు పాస్టరుగారు మైకిచ్చారు. ఆమెకు పెంచి చెప్పడం రాదు. నా మొగుడు మంచివాడు, దొంగ దొంగ అని నేనే చంపుకున్నాను, పిలిస్తే పోలేదు, బట్టలు మడతేస్తూ ఉన్నాను అంది. అంతే. కత్తుల్లేవు, ఇనప తలుపుల్లేవు. హాల్లో ఒక్క మనిషి కూర్చుని లేడు. జైలాయన వెక్కివెక్కి ఏడ్చాడు. మూడో వరసలో కూర్చునే ఆమె ఆ ఆదివారం రాలేదు, అసలు రావడమే మానేసింది. రెడీమేడు బట్టల ఫ్యాక్టరీలో వేరేవాళ్ళ మిషను మీద కూలికి కుడుతోంది, ఆదివారం కూడా పని ఉంటుంది.

తర్వాతి కూటాల్లో సాక్ష్యం బ్రదర్ మైకు కోసం లేస్తే, పాస్టరుగారు భుజం మీద చెయ్యివేసి, మీది అందరికీ తెలిసిందే గదా బ్రదర్, ఇవాళ సిస్టర్‌ని చెప్పనిద్దాం అన్నారు. ఆయన కూర్చున్నాడు. సభ అయ్యాక జనం ఇస్త్రీ ఆవిడ చుట్టూ మూగారు. ఆయన కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి గోడకి చేర్చాడు.

భోజనాల దగ్గర బావమరిది ఇప్పుడు ఆ ప్రశ్న అడగడు. చెప్పుకోదగ్గ ఘోరం బావ చేశాడని అక్క నోట విన్నాడు, విని నవ్వలేదు.

ఆయన ఇప్పటికీ విశ్వాసే. పొద్దున్నే లేచి మోకరిస్తాడు, నేను దేవుని కుమారుణ్ణి అని పైకే అంటాడు. పాత ఓనరుకి ప్రతి నెలా మొదటి వారంలో విడత కడతాడు. ఇంకా నలభై ఒక్క వేలు బాకీ ఉంది.